అంధపంగు న్యాయం

అంధుడు నడవగలడు, త్రోవ చూడలేడు. పంగువు త్రోవ చూడగలడు, నడవలేడు. అంధుడు పంగువును భుజాలపై ఎక్కించుకొంటే ఇరువురూ గమ్యం చేరుతారు. ప్రకృతి పురుషుల సంబంధాన్ని వివరించడానికి సాంఖ్యులు చెప్పిన అంధపంగు న్యాయమిది. మన దేహరక్షణలోనూ ఇట్టి సహకారమే కనిపిస్తుంది.

తెల్ల రక్తకణాలలో బి కణాలు, టి కణాలు అనే రెండు తెగలున్నాయి. బి కణాలు ఎముక మజ్జలోను, టి కణాలు థైమస్ గ్రంథిలోను పరిణతి చెందుతాయి. రోగక్రిములను బంధించే ప్రతిరక్షకాలను తయారుచేసేవి బి కణాలే. అయితే సహాయక టి కణాల ప్రేరణ లేనిదే వాటి శక్తి పూర్తిగా వికసించదు.

టైఫాయిడ్ జ్వరాన్నే ఉదాహరణగా తీసుకొందాం. బోథ్ మొదలుకొని హైదరాబాదు వరకు, త్రాగునీరు కలుషితమైన ప్రతిచోటా దీని భయం ఉంటుంది. దీనికి కారణమైన సాల్మొనెల్లా టైఫీ బాక్టీరియా 'వి.ఐ.' అనే చక్కెర జాతి పదార్థాన్ని కవచంగా ధరిస్తుంది. ఈ చక్కెరను బి కణం గుర్తించగలదు. టి కణం గుర్తించలేదు, అది చూడగలిగేది ప్రోటీను తునకలనే. అందువలన చక్కెర ఒక్కదానితో చేసిన పాత టీకా రెండేళ్లలోపు పసిపిల్లలకు పనికిరాలేదు. పెద్దలకు సైతం కొన్నేళ్లే రక్షణనిచ్చింది.

ఈ లోపాన్ని తీర్చడానికి శాస్త్రజ్ఞులు ఆ చక్కెరను, విషగుణం తొలగించిన ధనుర్వాతపు ప్రోటీనుకు జోడించారు. రెంటినీ ఊరక కలిపితే చాలదు, రసాయన బంధంతో ముడివేయాలి. అప్పుడే చక్కెరను పట్టుకొన్న బి కణం ప్రోటీనును కూడా లోనికి తీసుకొని, తునకలు చేసి, తన ఉపరితలంపై ప్రదర్శిస్తుంది. ఆ తునకను ముందే ఎరిగిన సహాయక టి కణం శోషరస గ్రంథిలో దానిని గుర్తుపట్టి, స్పర్శతోను, సైటోకైన్లనే రసాయన సందేశాలతోను బి కణాన్ని ప్రేరేపిస్తుంది. బి కణం అనేకంగా విభజన చెంది, చక్కెర కవచాన్ని దృఢంగా అంటుకొనే ప్రతిరక్షకాలను, చిరకాలం నిలిచే జ్ఞాపక కణాలను ఇస్తుంది. టి కణం గుర్తించింది ప్రోటీనును, దేహానికి దక్కింది చక్కెరపై రక్షణ.

ఇట్టి టీకాను హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసింది. 2013లో మన దేశంలో అనుమతి పొందిన ఈ 'టైప్‌బార్ టి.సి.వి.'ని ఆరు నెలల శిశువుకు కూడా ఇవ్వవచ్చు. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని అర్హతను ధ్రువీకరించింది. నేపాల్‌లో సుమారు 20,000 మంది పిల్లలతో జరిపిన పరీక్షలో ఇది 80 శాతానికి పైగా రక్షణనిచ్చినట్లు 2019లో వెల్లడైంది.

టీకా వచ్చినంత మాత్రాన శుద్ధజలం అవసరం తీరిపోదు. అయినా రెండు కణాల పొత్తును మానవుడు గ్రహించినందువల్లనే, పాత టీకా ఆదుకోలేని పసిబిడ్డకు నేడు రక్షణ లభిస్తున్నది.

అర్థాలు
పంగువు = కుంటివాడు
పరిణతి = పక్వత
పొత్తు = కలయిక, స్నేహం

ప్రశ్నలు
1. పాత టీకా పసిపిల్లలకు ఎందుకు పనికిరాలేదు?
2. బి కణం, సహాయక టి కణం పరస్పరం ఎలా సహకరిస్తాయి? అంధపంగు న్యాయంతో సమన్వయించండి.
3. 'శుద్ధజలం' – విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.