లేవలేకపోవడం ముసలితనమేనా?

ప్రార్థనలో మోకరించిన అవ్వ, పక్కవారి చేయి పట్టుకోనిదే లేవలేదు. నీళ్ల బిందె ఎత్తుకోలేదు. ముసలితనమని ఇంట్లోవారు ఊరుకుంటారు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అలా ఊరుకోకూడదు.

మెడలో థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. ఇవే పారాథైరాయిడ్ గ్రంథులు. రక్తంలో కాల్షియం తగ్గితే ఇవి హార్మోను వదిలి, ఎముకలలోని కాల్షియాన్ని రక్తంలోకి రప్పిస్తాయి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి, పాలు, రాగులు అంతగా తీసుకోనివారిలో కొందరికి ఈ గ్రంథులు అతిగా పనిచేస్తాయి. ఫ్లోరోసిస్ రోగులలో ఈ సంగతిని మన దేశపు వైద్యులు 1973లోనే ప్రకటించారు. కిడ్నీ జబ్బు, విటమిన్ డి లోపం, గ్రంథిలోనే గడ్డ కూడా కారణాలే. అప్పుడు ఎముకలతోపాటు తొడల, భుజాల కండలూ బలహీనపడతాయి. నొప్పినైనా ఓర్చుకుంటారు గాని, మరుగుదొడ్డికి పోవడానికి కూడా మరొకరి కోసం ఎదురుచూడడం మనిషిని కుంగదీస్తుంది.

పక్కన ఒకరిని ఉంచుకొని, చేతులు కట్టుకొని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు గాని అంతకుమించి గాని పడితే డాక్టరుకు చెప్పండి. రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి, క్రియాటినిన్ చూస్తారు. పరీక్ష కాకముందే మందుల షాపులో కాల్షియం బిళ్లలు కొనకండి. గడ్డ ఉన్నవారికి రక్తంలో కాల్షియం ముందే ఎక్కువగా ఉంటుంది. వారికి ఆపరేషన్ చేస్తే చాలామందిలో బలం పుంజుకుంటుంది.

నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చేచోట తాగడానికీ, వంటకూ అవే వాడండి. రోజూ పప్పు, గుడ్డు, పాలు పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టరునడగండి.