పేరు నిలుపుకొను విధము: కియాంతి ద్రాక్షతోటల పాఠము



ఒక ఊరి సరకునకు మంచి పేరు రాగానే, ఆ పేరుతోనే నాసిరకము సరకు కూడ బజారుకు వచ్చును. నష్టపోవునది మంచి సరకు పండించినవాడే. దీనికి విరుగుడేమి? వైను తయారుచేయు ఒక ఇటలీ ప్రాంతపు అనుభవము ఈ విషయమున మనకు ఉపకరించును.

ఎల్లల తగవు

ఫ్లారెన్సు, సియెనా నగరముల నడుమనున్న కొండ ప్రాంతము కియాంతి. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో 1716లోనే శాసనము చేసి, కియాంతి అను పేరు ఏ ప్రాంతపు వైనునకు చెల్లునో ఎల్లలు నిర్ణయించెను. అయినను కాలక్రమమున ఇరుగుపొరుగువారును ఆ పేరు వాడుకొనిరి. 1924లో పాత ప్రాంతమువారు సంఘముగా ఏర్పడి, నల్ల కోడిపుంజును తమ గుర్తుగా పెట్టుకొనిరి. 1932లో ప్రభుత్వము చుట్టుపట్ల ప్రాంతములకు కూడ ఆ పేరు వర్తింపజేసి, పాత ప్రాంతమును వేరుగా గుర్తించుటకు "క్లాసికో" అను మాట చేర్చెను.

నియమమే కీడు చేసిన వైనము

అక్కడి ముఖ్యమైన ఎర్రద్రాక్ష రకము సాంజోవేజే. వైను తయారీలో అనుభవజ్ఞుడైన రికాసోలి 1872లో, తెల్లద్రాక్షను త్వరగా త్రాగు వైనులోనే కలుపవలెననియు, నిలువచేయు వైనులో మానుట మేలనియు సూచించెను. కాని 1967 నాటి నియమములు నూటికి 10 నుండి 30 పాళ్లు తెల్లద్రాక్ష తప్పక కలుపవలెనని విధించినవి. దానికి తోడు, నాణ్యముకంటె దిగుబడికే ప్రాధాన్యమిచ్చి తోటలు వేసిరి. వైను పలుచబడినది, పేరు చెడినది.

అప్పుడొక వింత జరిగినది. ఆంతినోరి కుటుంబము 1971 పంట నుండి తిన్యానెల్లో అను తమ వైనుపై కియాంతి పేరే వదలుకొన్నది. సామాన్య వైనులు అమ్ము "టేబుల్ వైను" తరగతిలోనే దానిని అమ్మినది. అది కియాంతి వైనులకంటె ఎక్కువ ధర పలికినది! మంచి సరకు బయటకు పోయిన పిదప చీటీకి విలువ యెక్కడిది?

దిద్దుబాటు

1984లో తెల్లద్రాక్ష పాలు నూటికి 2 నుండి 5కు తగ్గించిరి. 1987లో విశ్వవిద్యాలయముల తోడ్పాటుతో మేలైన సాంజోవేజే మొక్కల ఎంపికకు, నాటు దూరములకు పరిశోధన మొదలుపెట్టిరి. 1996లో సాంజోవేజే ఒక్కటితోనే క్లాసికో వైను చేయుటకు అనుమతించిరి. 2006 పంట నుండి అందులో తెల్లద్రాక్షను పూర్తిగా నిషేధించిరి. నేడు కనీసము నూటికి 80 పాళ్లు సాంజోవేజే ఉండవలెను. దిగుబడి హెక్టారునకు 75 క్వింటాళ్లు, అనగా ఎకరమునకు సుమారు 30 క్వింటాళ్లు మించరాదు. 2014లో "గ్రాన్ సెలెజియోనె" అను పై తరగతి ఏర్పడినది. దీనికి సొంత తోట పండ్లే వాడి, కనీసము 30 నెలలు నిలువచేయవలెను.

మనము చేయవలసినది

మన దేశమున 1999 నాటి చట్టము క్రింద భౌగోళిక గుర్తింపు లభించును. బనగానపల్లె మామిడికి ఇది 2017లో వచ్చినది. గుర్తింపు వచ్చినంతమాత్రమున పని ముగియలేదు. ఈ క్రింది విషయములు గమనింపుడు.

1. గుర్తింపు పొందిన పేరు వాడుకొను రైతు తానును అధీకృత వాడుకరిగా నమోదు చేసికొనవలెను.
2. తొలి ధరకు ఆశపడి లేతకాయ కోయరాదు. భుజములు పొంగి, నీటిలో మునుగు కాయనే కోయవలెను. కార్బైడుతో మాగవేయుట చట్టవిరుద్ధము.
3. వేరొక ప్రాంతపు కాయను మీ పెట్టెలో కలుపరాదు.
4. పెట్టెపై రకము, ఊరు, కోసిన తేదీ వ్రాయవలెను.
5. సంఘముగా ఏర్పడి, పెట్టుకొన్న నియమములను ఏటేట పరీక్షించుకొనవలెను. నాణ్యమును చెరచు నియమము ఎంత పాతదైనను మార్చవలెను.

కియాంతివారు చట్టమిచ్చిన తప్పు నియమమును తొలగించుకొనుటకు నలుబది యేండ్లు పట్టినది. మనము అంతకాలము ఆగనక్కరలేదు. చీటీ మీది మాట, పెట్టెలోని కాయ ఒక్కటే చెప్పునట్లు ఈ కోతకాలము నుండియే చూచుకొనుడు.