ఇంట్లో కంప్యూటర్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

ఈ మధ్య సిద్దిపేటలో మా అక్కవాళ్ళింటికి వెళ్తే, అక్క మొదట చెప్పిన మాట: "తమ్మీ, గీ కంప్యూటర్ ఆన్ చేసి చాయ్ పెట్టుకొని తాగొచ్చినా తెరుచుకుంటలేదురా." టైమ్ చూశాను. డెస్క్‌టాప్ కనబడి, మౌస్ మాట వినడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఇంటెల్ ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషిన్ అది. షాపులో అడిగితే "ఫార్మాట్ చేస్తే సెట్ అయితది" అన్నారట. బావ తెల్లారి తీసుకుపోదామని రెడీగా ఉన్నాడు.

మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి ఉంటే, మేము చేసినవి వరుసగా చెప్తాను.

1. ముందు కారణం పట్టుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. సీపీయూ 100 శాతం దగ్గర ఉంటే ఏదో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని తినేస్తోందని అర్థం. మెమరీ నిండితే ర్యామ్ చాలడం లేదు. మా దగ్గర సీపీయూ 10 శాతమే ఉంది, డిస్క్ మాత్రం ఎంతసేపు చూసినా 100 దగ్గరే. అంటే దోషం ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది.

2. డిస్క్ ఆరోగ్యం చూడండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్ వేసి చూస్తే "గుడ్" అని నీలం రంగులో రావాలి. మాకు పసుపు రంగులో "కాషన్" అని వచ్చింది. డిస్క్ మీద కొన్ని సెక్టార్లు చెడిపోతే, వాటిని చదవడానికి డిస్క్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ టైమే మనకు స్లోగా కనిపిస్తుంది. ఇలాంటి డిస్క్‌ని ఫార్మాట్ చేసినా రోగం పోదు.

3. అన్నిటికంటే ముందు బ్యాకప్

"ఫొటోలు ఎక్కడ పెట్టినవక్కా?" అంటే, "ఇగో, ముందట్నే ఉన్నయ్ కదా" అని డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ చూపించింది. అందులో మూడేళ్ళ కింద పోయిన మా అమ్మ ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. ఇంకో కాపీ ఎక్కడా లేదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. సీ డ్రైవ్ ఫార్మాట్ కొడితే అవన్నీ పోయేవి. చాలామంది ఇక్కడే మోసపోతారు.

డిస్క్ చెడిపోతుంటే డీఫ్రాగ్, చెక్‌డిస్క్ రిపేర్ లాంటివి ముందు చేయొద్దు, దాని మీద ఇంకా భారం పడుతుంది. ముఖ్యమైన ఫైళ్ళే మొదట కాపీ చేయండి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి (మారిస్తే అందులో ఉన్నవి పోతాయి, ఖాళీదే వాడండి). మాకు రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున అయింది. ఓ ఐదు ఫొటోలు రాలేదు. అమ్మ మాట్లాడిన వీడియో మాత్రం వచ్చింది.

4. ఎస్‌ఎస్‌డీ వేయండి

పాత కంప్యూటర్‌కి అసలైన మందు ఇదే. హార్డ్ డిస్క్ సెకనుకు 100–150 ఎంబీ చదివితే, సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ళ దగ్గర తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇందులో తిరిగే ప్లేట్ ఉండదు. పాత బోర్డుకి 2.5 అంగుళాల సాటా మోడల్ తీసుకోండి, 256 జీబీ సరిపోతుంది. మేము సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ నుంచి తెచ్చుకున్నాం. ర్యామ్ కూడా ఇంకో 4 జీబీ వేశాం. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, కొనే ముందు చూసుకోండి.

5. ఏ విండోస్ వేయాలి?

విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా సపోర్ట్ ఉంది. అక్కవాళ్ళది నాలుగోది కాబట్టి లినక్స్ మింట్ వేశాం. ఇన్‌స్టాల్ చేసే ముందే పెన్ డ్రైవ్ నుంచి నడిపి ప్రింటర్, వైఫై, యూట్యూబ్ చూసుకోవచ్చు. అన్నీ పనిచేశాకే ఖాయం చేశాం. అల్లుడి కాలేజీ ప్రాజెక్టులు లిబ్రే ఆఫీస్‌లో నడుస్తున్నాయి.

6. మీ డిస్క్ బాగుంటే

ఖర్చు లేకుండా ఇవి చేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్ళి అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. సీ డ్రైవ్‌లో ఐదో వంతైనా ఖాళీ ఉంచండి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి. "ఒక్క క్లిక్‌తో స్పీడ్" అనే క్లీనర్ల జోలికి పోవద్దు. మన ఎండలకు, దుమ్ముకు ఫ్యాన్ మూసుకుపోయి ప్రాసెసర్ వేడెక్కితే, అదే స్పీడ్ తగ్గించుకుంటుంది. ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి.

ఇప్పుడు అక్క కంప్యూటర్ అర నిమిషంలోపే ఆన్ అవుతోంది. "ఇగ చాయ్ తాగుడు బంద్ అయిందిరా" అని నవ్వింది. అమ్మ వీడియో మాత్రం ఇప్పుడు మూడు చోట్ల ఉంది. మీరు కూడా స్పీడ్ సంగతి రేపు చూసుకోండి, బ్యాకప్ ఈ రోజే తీసుకోండి.