అరకు రైల్లో ఒక్కరే ఒక రోజు: కొన్ని చిట్కాలు

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పగటి బండి తూర్పు కనుమలెక్కి అరకు మీదుగా సాగుతుంది. ఆ దారిలో ఒక రోజంతా ఒంటరిగా, మౌనంగా, దైవచింతనలో గడపాలనుకునే వారికి ఈ చిట్కాలు.

1. వారం మధ్యలో వెళ్లండి. కార్తీకమాసంలో ఆదివారాలు వనభోజనాల బృందాలతో బండి కిటకిటలాడుతుంది. వానలు వెనకబట్టాక కొండలు పచ్చగా ఉంటాయి, చలి ముదిరాక మంచు కమ్ముకుంటుంది. భారీ వర్షాల రోజుల్లో మాత్రం వద్దు. కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే బండ్లు ఆగిపోతాయి.

2. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది. చూడ్డానికి చక్కగా ఉంటుంది కానీ ఈ ప్రయాణానికి నేను మామూలు పెట్టే ఎక్కమంటాను. తెరిచిన కిటికీలోంచి గాలి, ఆకుల తడి వాసన, చక్రాల చప్పుడు లోపలికి రావాలి. లోయ ఒకసారి ఇటు, ఒకసారి అటు కనబడుతుంది కాబట్టి ఏ వైపు సీటని దిగులు పడక్కర్లేదు.

3. దద్దోజనం మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలంటే మెత్తటి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి డబ్బాకెత్తండి. తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. తోడుగా నిమ్మకాయ పులిహోర చాలు.

4. ఫోను గురించి ఇంట్లో ముందే చెప్పండి: "ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, సాయంత్రం నేనే చేస్తాను" అని. ఈ ఒక్క మాటతో అటు వారికీ ఇటు మీకూ మనసు కుదుటపడుతుంది. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు కుటుంబాలున్న చోట కూర్చుంటే మంచిది.

5. కొత్తవలస, శృంగవరపుకోట దాకా దారి చదునే. పారాయణం ఉంటే అప్పుడే ముగించుకోండి. బొడ్డవర దాటి శివలింగపురం వచ్చేసరికి పుస్తకం మూసెయ్యాలి. అక్కడి నుంచి చదవాల్సింది కొండనే.

6. ఇక సొరంగాలు. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 ఉన్నాయని చెబుతారు. ఈ ఘాట్‌లో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చీకటి కమ్మగానే పిల్లలు కేకలు వేస్తారు, వెయ్యనివ్వండి. మీరు కళ్లు మూసుకోకండి. చీకట్లోకి చూస్తూనే మీ ఇష్టదైవాన్ని తలచుకోండి. రామనామమైనా, శివనామమైనా, యేసు ప్రార్థనైనా, అల్లా స్మరణైనా సరే. వెలుగు రాగానే ఆపేసి, ఎదురుగా ఏది కనబడితే అది చూడండి: లోయ, వాగు, కొండవాలులో సాగు. కొన్ని సొరంగాలు రెండు శ్వాసల్లో అయిపోతాయి, కొన్ని ఎంతకీ తరగవు. ఎంతసేపన్నది మీ చేతిలో లేకపోవడమే ఇందులో మేలు. ఇంట్లో జపానికి కూర్చుంటే మనసు గడియారం చూస్తుంది. ఇక్కడ ఆ అవకాశమే ఉండదు. లెక్క పెట్టుకోవద్దు. లెక్క మొదలైతే నామం పోతుంది.

7. ఈ లైను వేసింది మన కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచారు. ఎదురొచ్చే ఖనిజం గూడ్సు కోసం మన బండి చిన్న స్టేషన్లలో ఆగితే విసుక్కోకండి. ఆ కొండలు తొలిచిన కూలీలను ఒక్కసారి తలచుకోండి. సీతాఫలాలో జామకాయలో తెచ్చిన గిరిజన స్త్రీలు కనబడితే బేరమాడకుండా కొనండి. అడక్కుండా ఫొటో తీయకండి.

8. ఎక్కడ దిగాలి: దారిలోని బొర్రా గుహల దగ్గరా, అరకులోనా? ఒకటే ఎంచుకోండి. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషన్ చూడాలంటే అరకు దాకా వెళ్లాలి. నా ఓటు మాత్రం బొర్రాకే. సున్నపురాయిని కరిగించుకొచ్చిన నీరు బొట్టుబొట్టుగా రాలి, లెక్కకందని కాలంలో ఆ గుహల్లో స్తంభాలను పోసింది. మెట్లెక్కి వెళ్తే లోపల శివలింగం ఉంది. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల జనం తరలివస్తారు. దర్శనం అయ్యాక రంగుదీపాలకు దూరంగా ఒక మూల నిలబడి, నీటిచుక్క రాలే చప్పుడు వినండి. గోస్తనీ నది ఈ కొండల్లోనే పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ వాసులు తాగే నీళ్లలో కొంత తాటిపూడిదే. సీసా ఎత్తి తాగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

9. గుహలో నేల జారుతుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. బయట కోతులుంటాయి. డబ్బా సంచిలోంచి తీయకండి, వాటికేమీ పెట్టకండి.

10. తిరుగు బండి వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు చూసుకోండి. తరచూ ఆలస్యమవుతుంది కూడా. అందుకే ఆ రాత్రికి ఏ పనీ ఒప్పుకోకండి. స్టేషన్ నుంచి ఇంటికి చేర్చే ఆటో మనిషికి ముందే చెప్పి ఉంచండి. శాలువా పైనే పెట్టుకోండి, దిగువకు వచ్చేదాకా చలి వదలదు.