వడకట్టాక మిగిలిపోయేవి

టెర్మినల్ ముందు కూర్చుని ప్రాజెక్టు ఇష్యూలను వడకట్టడం నేర్చుకుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కమాండ్లు మీకు నాకన్నా త్వరగా పట్టుబడతాయి. వాటి జవాబును ఎంతవరకు నమ్మవచ్చో మాత్రం నాకు కాలమే నేర్పింది.

1. తెర మీద కనిపించినదే మొత్తమని అనుకోకండి.

గిట్‌హబ్ కమాండ్ లైన్ సాధనం ‘జీహెచ్’ 2020లో 1.0కి చేరినప్పుడు ఎంతో సంతోషించాను. బ్రౌజర్ తెరవకుండానే ‘జీహెచ్ ఇష్యూ లిస్ట్’ అని కొడితే ఓపెన్‌లో ఉన్న ఇష్యూలు వరుసగా వచ్చేస్తాయి. అయితే విడిగా చెప్పకపోతే అది కొత్తవాటి నుంచి 30 మాత్రమే ఇస్తుంది. టెర్మినల్‌లో చూస్తే, ఎన్నింటిలో ఎన్ని చూపుతోందో పైన ఒక వాక్యం ఉంటుంది. పైప్ పెట్టి మరో కమాండ్‌కు పంపితే ఆ వాక్యం రాదు. నేను పంపింది వరుసలు లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ’కి. వచ్చిన 30ని వారం వారం రిపోర్టులో రాశాను. పెండింగ్ పెరగడం లేదని జట్టంతా తృప్తిపడింది. ఆ 30కి వెనక నెలల నాటి ఫిర్యాదులు పేరుకుపోయి ఉన్నాయి. ఇప్పుడు లిమిట్ చెప్పకుండా నేను ఏ స్క్రిప్టూ రాయను. ఇచ్చిన లిమిట్‌కు సరిగ్గా అన్నే ఫలితాలు వస్తే, ఇంకా ఉన్నాయేమోనని పెంచి చూస్తాను. సెర్చ్ షరతులతో అడిగితే గిట్‌హబ్ 1,000కి మించి ఇవ్వదు. పెద్ద ప్రాజెక్టయితే తేదీలవారీగా విడగొట్టి అడగాలి.

2. లేబుల్ పెట్టగలవాళ్లెవరో తెలుసుకున్నాకే లేబుల్‌తో వెతకండి.

‘బగ్’ లేబుల్ ఉన్నవే చూసి, బగ్‌లన్నీ చూశాననుకున్న రోజులున్నాయి. బయటి నుంచి వచ్చి ఇష్యూ రాసిన మనిషికి సాధారణంగా లేబుల్ తగిలించే అనుమతి ఉండదు. టెంప్లేట్ దానంతటదే తగిలిస్తే సరే, లేకపోతే ప్రాజెక్టువాళ్లు ఎవరైనా చూసేదాకా అది లేబుల్ లేకుండానే పడి ఉంటుంది. అంటే మన సాఫ్ట్‌వేర్‌తో నిజంగా ఇబ్బంది పడినవాడే మన వెతుకులాటకు దొరకడు. అందుకే పొద్దున్నే మొదట లేబుల్ లేనివి అడుగుతాను: సెర్చ్‌లో ‘నో’, కోలన్, ‘లేబుల్’. ఇంకొక మాట. లేబుల్ ఆప్షన్ రెండుసార్లు ఇస్తే రెండూ ఉన్న ఇష్యూలే వస్తాయి. ఏదో ఒకటి ఉంటే చాలనుకుంటే సెర్చ్‌లో కామాతో విడదీసి రాయాలి.

3. క్లోజ్ అయినదంతా బాగుపడినట్టు కాదు.

పని పూర్తయి మూసినవీ, చేసే ఉద్దేశం లేక మూసినవీ గిట్‌హబ్‌లో వేర్వేరు కారణాలతో నమోదవుతాయి. రెండూ కలిపి లెక్క చెప్పకండి.

4. పాతవాటిని పైకి తెచ్చుకోండి.

మనకు అసైన్ అయినవే రోజూ చూసుకుంటే పని చక్కగా సాగుతున్నట్టే ఉంటుంది. ఎవరికీ అసైన్ కానివి మాత్రం ఎవరి జాబితాలోకీ రావు. అటువంటి ఒక ఇష్యూలో, ఏ అడుగులు వేస్తే ప్రోగ్రాం ఆగిపోతుందో ఒక విద్యార్థి వరుసగా రాసి పెట్టాడు. నేను తెరిచేసరికి చాలా ఆలస్యమైంది. అతను వేరే సాధనానికి మారిపోయానని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత అంత శ్రద్ధగా ఉండడమే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటి నుంచి అసైనీ లేనివాటిని, రాసిన తేదీ ప్రకారం పాతవి ముందు వచ్చేలా అడుగుతున్నాను. చివరి మార్పు తేదీ ప్రకారం అడగను, ఎందుకంటే ఏ బాట్ వచ్చి ఒక వ్యాఖ్య వేసి వెళ్లినా ఆ తేదీ కొత్తదైపోతుంది. నంబరు, శీర్షిక, తేదీ జేసన్‌గా తీసుకుంటే ‘జేక్యూ’ వడపోత జీహెచ్‌లోనే ఉంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఈ మొత్తాన్ని ఒక ఏలియాస్‌గా దాచుకోండి. జాబితాలో మొదట వచ్చిన నంబరును ‘జీహెచ్ ఇష్యూ వ్యూ’కి ఇచ్చి, కామెంట్స్ ఆప్షన్ కూడా పెట్టి, మిగతావి తెరవకముందే ఆ ఒక్కటీ చివరిదాకా చదివి జవాబు రాయండి.