మారిషస్ దీవి: సముద్ర తీరం, చెరుకు తోట

 ఈసారి గోడ పత్రికలో సాంఘికశాస్త్రం కింద ఒక దీవి గురించి వ్రాయమన్నారు. నేను మారిషస్ తీసుకున్నాను. అక్కడ చెరుకు ఉన్నది, తెలుగువాళ్ళు ఉన్నారు, అందుకని. మనలో సముద్రం చూసినవాళ్ళు తక్కువ. నేనూ చూడలేదు. పుస్తకాలు, అట్లాసు చూసి వ్రాస్తున్నాను.

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కర్ కు తూర్పున ఉన్నది. భూమధ్యరేఖకు దక్షిణాన సుమారు 20 డిగ్రీల అక్షాంశం. కాబట్టి ఉష్ణమండల దీవి. మనకు చలికాలం అయితే వాళ్ళకు ఎండాకాలం. గడియారం మనకన్నా గంటన్నర వెనుక. మనకు ఆరున్నరకు ప్రార్థన గంట కొట్టినప్పుడు వాళ్ళకు ఐదే అయితది. ఇంకా పండుకొని ఉంటరు, అదృష్టవంతులు. దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. అగ్నిపర్వతాల వల్ల పుట్టింది, అందుకే అక్కడి రాళ్ళు నల్లగా ఉంటాయి.

ఆ తీరం అందానికి అసలు కారణం పగడపు గోడ. పగడం అంటే రాయి అనుకుంటాం. కాని అది చిన్న చిన్న సముద్రపు జీవులు కట్టే ఇల్లు. అవి సున్నం వంటి పదార్థంతో గూడు కట్టుకుంటాయి. పాతవి చస్తే వాటి మీద కొత్తవి కడతాయి. వేల ఏండ్లకు పెద్ద గోడ అయితది. ఈ గోడ దీవి చుట్టూ చాలా భాగం ఉన్నది. మన చెరువు కట్ట నీళ్ళను లోపల ఆపుతది. అక్కడి కట్ట అలలను బయట ఆపుతది. అందుకే గోడకు, ఒడ్డుకు నడుమ నీళ్ళు చెరువులాగ నిమ్మళంగా, లేత నీలం రంగులో ఉంటాయి. దక్షిణాన గ్రి గ్రి అనే చోట గోడ తెగి ఉన్నది. అక్కడ అలలు నేరుగా వచ్చి నల్లరాళ్ళను కొడతాయి, ఈతకు దిగొద్దు. గోడ ఏం పని చేస్తుందో ఆ ఒక్క చోటు చూస్తే తెలుస్తది. సముద్రం మరీ వేడెక్కితే పగడాలు తెల్లబడి చచ్చిపోతాయి.

ఇక అక్కడికి పోయినవాళ్ళు ఏం చేస్తరంటే: బ్లూ బే దగ్గర అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కి పగడాలను, చేపలను చూస్తరు. గ్రాండ్ బే దగ్గర తలకు పెద్ద టోపీ లాంటిది తొడిగి, గొట్టంతో గాలి ఇచ్చి, సముద్రం అడుగున నడిపిస్తరు. తామరిన్ తీరంలో పొద్దున్నే డాల్ఫిన్లు వస్తాయి. లె మోర్న్ దగ్గర పెద్ద గాలిపటం పట్టుకొని పలక మీద నిలబడి నీళ్ళ మీద జారుతరు. అక్కడే పైనుండి, విమానంలోంచి చూస్తే సముద్రం లోపల జలపాతం పడుతున్నట్టు కనిపిస్తదట. నిజానికి పడేది నీళ్ళు కాదు. ఇసుక, మెత్తటి మట్టి లోతుకు జారుతుంటే కండ్లకు అట్ల తోస్తది. మన సిర్నాపల్లిది మాత్రం నిజం జలపాతమే.

ఎగ్రెట్ దీవి అని ఒక చిన్న దీవి కూడా ఉన్నది. పాత మారిషస్ అడవి కొంత అక్కడ మిగిలింది. గులాబి రంగు పావురం, నల్లచేవ చెట్లు ఉన్నాయి. ఈ నల్లచేవ చెట్టు మన తునికి చెట్టుకు చుట్టం, ఒకే ప్రజాతి. మన దగ్గర ఆకు కోసం ఎండాకాలం అడవికి పోతం, అక్కడ డచ్చివాళ్ళు చెక్క కోసం అడవినే కొట్టినారు. 1598లో వచ్చి దీవికి పేరు పెట్టినవాళ్ళు వాళ్ళే. 1639లో చెరుకు తెచ్చిందీ వాళ్ళే. డోడో అనే ఎగరలేని పక్షిని చివరిసారి చూసింది 1662లో అంటారు.

లె మోర్న్ 556 మీటర్ల కొండ, సముద్రంలోకి చొచ్చుకొని ఉంటది. చెరుకు తోటల నుండి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద దాక్కున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ మాట చెప్పటానికి సిపాయిలు కొండ ఎక్కితే, పట్టుకోవడానికే వస్తున్నారని భయపడి కొందరు పైనుండి దూకినారని అక్కడి జనం చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ కొండ కిందే గాలిపటాల ఆట.

బానిసలు పోతే చెరుకు ఎవరు కొట్టాలె? బ్రిటీషువాళ్ళు మన దేశం నుండి కూలీలను ఓడల్లో తీసుకుపోయినారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ దిగింది. తరువాత సుమారు నాలుగున్నర లక్షల మంది పోయిండ్రు. విశాఖపట్నం, కోరంగి వైపు నుండి తెలుగువాళ్ళు పోయిండ్రు. పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు ఎక్కిన 16 మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఐదేండ్ల ఒప్పందం, మొదట్లో మగవారికి నెలకు ఐదు రూపాయలు. ఒక్కరోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోసేవారు.

ఇది చదివి నేను మా అమ్మమ్మను అడిగినాను. మా నాయకపోడ్ గూడెం నుండి ఆమె వయసులో బోధన్ దిక్కు చెరుకు కొట్టుటకు పోయేది. మేస్త్రి ముందుగాల పైసలు ఇచ్చేవాడట, అవి తీరేదాక కొట్టాలె. జ్వరం వచ్చి పండుకుంటే కూలితో పాటు తిండి ఖర్చు కూడా కోసేవాడట. కాగితం మీద వేలిముద్ర పెట్టేది, అందులో ఏమున్నదో ఆమెకు తెలియదు. మారిషస్ పోయినవాళ్ళ పేర్లు, నెంబర్లు రిజిస్టర్లలో ఉన్నాయి. మోకా ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థలో వాటిని భద్రపరిచారు. మనుమలు, మునిమనుమలు పోయి వెతుక్కుంటారు. అమ్మమ్మ వేలిముద్ర పెట్టిన కాగితం ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు.

బోధన్ లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మారిషస్ లో కూడా చాలా మూసినారు, ఒకప్పుడు వందల్లో ఉన్నవి ఇప్పుడు మూడే. బో ప్లాన్ లో 1999లో ఆగిన ఫ్యాక్టరీని మ్యూజియం చేసినారు. తెలుగు కుటుంబంలో పుట్టిన నతాషా అప్పన్న అనే రచయిత్రి ఫ్రెంచి భాషలో వ్రాసిన మొదటి నవల (2003) ఈ చెరుకు కూలీల గురించే. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు.

2020 జులై 25న వకాషియో అనే పెద్ద ఓడ పగడపు గోడ మీదికి ఎక్కి ఇరుక్కుంది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కారింది. బ్లూ బే, ఎగ్రెట్ దీవి దగ్గరే. నీళ్ళు నల్లబడ్డాయి. ప్రజలు ఆగలేదు. చెరుకు ఎండాకును సంచుల్లో కుక్కి, పొడవుగా కుట్టి, తేలడానికి ఖాళీ సీసాలు కట్టి నీళ్ళల్లో వేసినారు. ఎండాకు తేలుతది, నూనెను పట్టుకుంటది. నూనె పీలుస్తదని ఆడవాళ్ళు జుట్టు కూడా కోసి ఇచ్చినారు. మన దగ్గర చెరుకు కొట్టినాక ఆ ఆకును చేన్లనే కాలబెడతరు. దాని అంచు చేతులు కోస్తదని అమ్మమ్మకు తెలుసు. సముద్రానికి అడ్డం వేస్తారని చెప్తే చాలాసేపు నవ్వింది, మళ్ళీ చెప్పమన్నది.

పక్కన పటం గీసినాను. నీలం రంగు అయిపోయినందున పగడపు గోడ ఆకుపచ్చతో వేసినాను. ఎర్ర చుక్క ఓడ ఇరుక్కున్న చోటు.

— 9వ తరగతి విద్యార్థిని