విజిల్ ఊదక ముందే

కడియం.

లాస్యా,

మీ అన్నయ్య డాలస్ నుంచి పంపిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూశానని, పరిగెత్తేదీ దెబ్బలు తినేదీ ఆటగాళ్లయితే గీత బయట చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని నిలబడిన కోచ్‌కి అంత పేరెందుకని అడిగావు. బి.పి.ఎడ్. మొదటి ఏడాదిలోనే ఈ సందేహం వచ్చినందుకు సంతోషం. ఇది తేల్చుకోకుండానే మెడలో విజిల్ వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మిగతా ఆటలకన్నా అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోచ్ చెయ్యి ఎక్కువే. జట్టు దాడిని నడిపించే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు, అతని హెల్మెట్‌లో చిన్న స్పీకరు ఉంటుంది. అక్కడి లీగ్ ఎన్ఎఫ్ఎల్ 1994లో దానికి అనుమతిచ్చింది. తర్వాత ఏ ఎత్తు వెయ్యాలో కోచ్ నేరుగా చెవిలో చెబుతాడు. కానీ ఎత్తు మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో 15 సెకన్లు మిగిలాయనగా ఆ గొంతు ఆగిపోతుంది. అక్కణ్ణించి ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసుకుని, అవసరమైతే ఎత్తు మార్చుకోవాల్సింది ఆ ఆటగాడే. అప్పుడు అతనికి ఆసరా నెలల తరబడి చేసిన సాధన ఒక్కటే. నువ్వు చూడాల్సింది ఆ 15 సెకన్లనమ్మా.

టామ్ బ్రేడీ అనే క్వార్టర్‌బ్యాక్‌ని 2000లో, జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 199వ వాడిగా ఎంచుకున్నారు. కోచ్ బిల్ బెలిచిక్ కింద ఆడి ఆరు సూపర్ బౌల్స్, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిచాడు, తర్వాత వేరే జట్టుకెళ్లి, వేరే కోచ్ దగ్గర ఏడోది కూడా గెలిచాడు. గొప్పతనం ఆటగాడిదా కోచ్‌దా అని అక్కడి అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదనలోకి నువ్వు దిగకు. దానికన్నా మన దగ్గర జరిగింది చదువుకుంటే నీకు ఎక్కువ పనికొస్తుంది.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అని ఒక బడి పంతులు ఉండేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ, 1950 నుంచి భారత ఫుట్‌బాల్ జట్టునీ తీర్చిదిద్దింది ఆయనే. ఆయన పెట్టించిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో బంతిని కాలి దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాణ్ణి ‘ఎడమకాలు కూడా వాడరా’ అని రోజూ అరిచినా వాడు మ్యాచ్‌లో మళ్లీ కుడికాలే ఎత్తుతాడు. అందుకని ఆయన మాటలు తగ్గించి నియమం మార్చేశారు. ఎడమకాలు వాడక తప్పని ఆట పెట్టాక ఇక చెప్పడానికేం మిగిలింది? కోచ్ పనితనం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ గారు అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో 2-1తో గెలిచిన ఫైనల్లోనూ ఒకటి కొట్టాడు. అప్పటికే రహీమ్ గారికి క్యాన్సర్. మరుసటి ఏడే పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి స్వర్ణం రాలేదు.

ఇక మన పక్కవాడి సంగతి. గౌతమి దాటితే కోనసీమ, అక్కడి అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. 2014లో హైదరాబాదులో కోచ్ గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. మలేసియా నుంచి వచ్చిన డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హర్ 2016లో అతన్ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ వెనక కోర్టులో నిలబడి స్మాష్ కొట్టేవాళ్లే. డబుల్స్‌లో ఒకడు వెనకనుంచి బాదితే ఇంకొకడు నెట్ దగ్గర కాచుకుని ముగించాలి. ఇద్దరూ వెనకే ఉంటే ముందెవరు? పైగా అప్పట్లో సాత్విక్‌కి హిందీ అంతంత మాత్రం, చిరాగ్‌కి తెలుగు రాదు. ఈ జత వాళ్లకే రుచించలేదు. టాన్ మాత్రం వదల్లేదు. ఆ రెండు భుజాల బలం ఒక్క పక్కకి చేరి, ముందుకీ వెనక్కీ మారడం కూడా నేర్చుకుంటే ఏమవుతుందో వాళ్లకన్నా ముందు ఆయనకి కనబడింది.

ఆయన 2019లో వెళ్లిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో ఈ జంట థాయిలాండ్ ఓపెన్ గెలిచింది. అప్పుడు పక్కన కూర్చున్నది టాన్ కాదు, కానీ ఆ గెలుపులో ఆయన పాలు లేదని ఎవరనగలరు? తర్వాత డెన్మార్క్ నుంచి మథియాస్ బో వచ్చాడు, తనే లండన్ ఒలింపిక్స్ రజత పతక విజేత. మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్ చేతిలో మనవాళ్లు వరసగా ఎనిమిది సార్లు ఓడారు. తొమ్మిదోసారి, 2023 ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో, 21-17, 21-18తో గెలిచారు. ఆ అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. మళ్లీ పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో అదే జోడీ మనవాళ్లని ఓడించింది. బో కోచింగే మానేస్తున్నానన్నాడు. 2025లో టాన్ తిరిగొచ్చాడు. ఆ ఆగస్టులో అదే పారిస్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో అదే జోడీని మనవాళ్లు క్వార్టర్స్‌లో ఓడించి కాంస్యం తెచ్చుకున్నారు.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, పతకం వచ్చిన రోజున కుర్చీలో ఎవరున్నారని చూసి కోచ్‌ని తూచే అలవాటు నీకు రాకూడదని. ఆ లెక్కన ఓడిన రోజు బోకి ఏమీ రాదనాలి, గెలిచిన రోజు అన్నీ వచ్చనాలి. ఎనిమిది ఓటములకీ తొమ్మిదో ఆటకీ మధ్య సాధనలో ఏం మారింది, ఎవరు మార్చారు అని వెతుకు. అలాంటి మార్పు ఇంకొకటి చెబుతాను. రావులపాలెంలో పుట్టిన కిదాంబి శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆడేవాడు. గోపీచంద్ గారు సింగిల్స్‌కి మార్చారు. 2017లో ఒక్క ఏడాదే నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. ఆ మార్పు నాడు ఎంతమంది గమనించి ఉంటారు?

కడియపులంక నర్సరీల్లో మొక్కల్ని ఏనుగుల్లా, నెమళ్లలా కత్తిరించి పెంచుతారు కదా, పిల్లల్ని అలా నీ మనసులోని బొమ్మకి కత్తిరించకు. నువ్వు ఫలానా వాటంగా ఆడేదానివని వాళ్లందరికీ అదే వాటం అంటగట్టే కోచ్‌వి కావద్దు. ముందు చూడు, చాలా రోజులు చూడు. ఎవరి మణికట్టులో ఏముంది, ఎవరు 18 పాయింట్ల దగ్గర తడబడతారు, ఎవరు తిట్టు పడితే రెచ్చిపోతారు, ఎవరు ముడుచుకుపోతారు. కొట్టడం, పదిమందిలో చులకన చెయ్యడం మాత్రం ఎన్నడూ చెయ్యకు. అలా భయపడుతూ ఆడే పిల్లలు బంతి వైపు చూడరమ్మా, కోచ్ మొహం వైపు చూస్తారు.

మ్యాచ్‌లో నీకు దొరికేది తక్కువ. బ్యాడ్మింటన్‌లో 11 పాయింట్ల దగ్గర 60 సెకన్ల విరామం. అందులో నీళ్లు తాగాలి, చెమట తుడుచుకోవాలి. నాలుగు తప్పులు కనిపించినా ఒక్కటే చెప్పు, అదీ తప్పని కాక, చెయ్యాల్సిందేమిటో చెప్పు. ‘నెట్‌కి కొట్టకు’ అంటే ఏం చెయ్యాలో తేలక తికమకపడతారు. ‘ఇంకాస్త ఎత్తుగా లేపు’ అంటే చేసేస్తారు. మిగతా మూడూ మర్నాటి పొద్దున్న సాధనకి రాసుకో.

నీకు అప్పగించిన పిల్లలకి తలా రెండు పేజీలు పెట్టి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టు. గెలుపోటములు అందులో రాయొద్దు. రహీమ్ గారి పోటీల్లాంటి నియమం ఒక్కొక్కరికీ ఏది సరిపోతుందో ఆలోచించి రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ తాతయ్య